కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక వీధి దీపాలతో, ముగ్గుల పోటీతో మొదలయ్యేది. ఈసారి సెప్టెంబర్ 1 ఆదివారంతో మొదలుపెట్టక తప్పదు. ఆ రోజు బుడమేరు వాగు మన గేటు దాటి లోపలికి వచ్చింది. చూస్తుండగానే విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట అన్నీ నీళ్లలో కలిసిపోయాయి. ఇటు కృష్ణమ్మ కూడా నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్లించిన బుడమేరు నీళ్లు కలవాల్సింది ఆ కృష్ణలోనే. అక్కడ చోటు లేకపోతే ఆ నీళ్లు ఎటు పోతాయో మనందరం కళ్లారా చూశాం.

ఆ రోజు నుంచి మార్చి దాకా సంఘం చేసిన పనుల్లో ముప్పాతిక వంతు కర్నల్ గారి చేతుల మీదుగా నడిచింది. పేరు రాయొద్దని ఆయన గట్టిగా చెప్పారు. మూడో వీధి చివర కానుగ చెట్టున్న ఇల్లు అంటే చాలు, అందరికీ తెలుసు.

రెండేళ్ల కిందట ఆయన ఒక పొడుగు నోట్‌బుక్ పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. మంచం మీద ఉన్నవాళ్లెవరు, మెట్లు ఎక్కలేనివాళ్లెవరు, పసిపిల్లలెక్కడున్నారు, ఎవరు ఏ మందు వాడతారు, అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నారు. పెన్సిల్ ఎందుకని అడిగితే, తడిసినా చెరగదన్నారు. అప్పట్లో మనలో చాలామంది దీన్ని అనవసరపు పని అనుకున్నాం. నేనూ అనుకున్నాను. రెండో రోజుకి కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. అప్పుడు మన దగ్గర మిగిలిన సమాచారం ఆ పుస్తకం ఒక్కటే.

ఆయన ముందు వెతికింది ఇన్సులిన్ వాడేవాళ్ల పేర్లు. ఫ్రిజ్‌లు నీళ్లలో తేలుతున్నాయి. ఒక మట్టికుండలో తడి ఇసుక పోయించి, అందరి ఇన్సులిన్ సీసాలూ డబ్బాలో పెట్టి అందులో దించారు. డాబా మీద నీడలో ఆ కుండ వారం రోజులుంది. పూటపూటకీ ఇసుక తడిపే పని ఇంటర్ చదివే పిల్లకి అప్పజెప్పారు. ఆ అమ్మాయి ఒక్క పూట కూడా మరిచిపోలేదు.

పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లు ఆహారం తెచ్చాయి. కానీ అది మెయిన్ రోడ్డు నుంచి సందుల్లోకి చేరడమే కష్టమైంది. నడుం లోతు నీళ్లలో కర్నల్ గారు ముందు నడిచేవారు. ఒంటికి నైలాన్ తాడు, చేతిలో వెదురు కర్ర. వెనక అదే తాడు పట్టుకుని నలుగురు కుర్రాళ్లు. కర్రతో పొడిచి చూడకుండా ఆయన అడుగు వేసేవారు కాదు. మూత లేచిపోయిన మ్యాన్‌హోల్ తగిలితే అక్కడ కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టేవారు. ఆయన వయసు 71.

సెప్టెంబర్ 7న వినాయక చవితి. పందిరి కోసం వసూలైన చందా మొత్తం బియ్యానికి, పాలపొడికి, మంచినీళ్లకి ఖర్చు పెట్టాలని డాబా మీద టార్చిలైటు వెలుగులో కమిటీ తీర్మానించింది. ఏళ్ల తరబడి ఆగని పందిరి ఆగిందని కొందరు పెద్దలు బాధపడ్డారు. వాళ్ల బాధ న్యాయమైనదే. అయినా ఆ నిర్ణయం సరైనదని ఈరోజుకీ నమ్ముతున్నాను. చవితి రోజున పిల్లలు బురద మట్టితోనే చిన్న వినాయకుణ్ణి చేసి పూజించారు. సైన్యం బుడమేరు మూడో గండిని పూడ్చిన కబురు వచ్చిందీ ఆ రోజే. కర్నల్ గారు సైన్యంలో ఇంజినీర్ల విభాగంలో పనిచేసినవారు. వరద ఉరవడిలో విడి రాళ్లు వేస్తే కొట్టుకుపోతాయని, ఇనుప తీగ బుట్టల్లో రాళ్లు నింపి వరసగా పేరిస్తే బరువుకి నిలుస్తాయని పిల్లలకి ఇటుక ముక్కలతో చేసి చూపించారు.

నీళ్లు తీశాక అసలు పని మొదలైంది. ఫైరింజన్లు బురద కడిగి వెళ్లాయి. సంపులన్నీ తోడించి బ్లీచింగ్ వేయించాం. ప్రభుత్వం కింది అంతస్తుకి 25,000, పై అంతస్తులకి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. అద్దెకున్నవాళ్లలో చాలామందికి కాగితాలు సరిగ్గా లేవు. కర్నల్ గారు కానుగ చెట్టు కింద బల్ల వేసుకుని, గోడ మీద నీటి చార ఫొటోలు జతచేసి, వాళ్ల అర్జీలు తానే రాసిపెట్టారు.

ఇక మొక్కల సంగతి. మస్సూరీ కొండల్ని సున్నపురాయి గనులు బోడి చేశాక, అక్కడ మళ్లీ అడవి పెంచడానికి 1982లో మాజీ సైనికులతో 127 ఎకలాజికల్ టెరిటోరియల్ ఆర్మీ బెటాలియన్ ఏర్పడింది. కర్నల్ గారి ఉద్యోగంలో చివరి ఏళ్లు అందులోనే గడిచాయి. నాటిన లెక్క కాదు, బతికిన లెక్క చెప్పాలన్నది ఆయన పట్టుదల. అందుకే ఇక్కడా అదే చెబుతున్నాను. వేప, కానుగ, నేరేడు కలిపి 140 నాటాం, మార్చి చివరికి 96 బతికున్నాయి. కోనోకార్పస్ త్వరగా పెరుగుతుందని కొందరు అడిగినా ఆయన ఒప్పుకోలేదు. కాలువ గట్టు కోసుకుపోకుండా వట్టివేరు వేశాం. అదే పుస్తకం వెనక పేజీల్లో ప్రతి మొక్కకీ నీళ్లు పోసేవారి పేరుంది.

కాలువలో పూడిక, గుర్రపుడెక్క తీయించమని మూడుసార్లు అర్జీ పెట్టాం. జవాబు రాలేదు, నాలుగోది సిద్ధం చేశాం. అయితే సర్వసభ్య సమావేశంలో కర్నల్ గారు ఇంకో మాట అడిగారు: కాలువ మీద మనమే కట్టుకున్న ర్యాంపుల సంగతేమిటని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఐదు ఇళ్లవాళ్లు తమ ర్యాంపులు పగలగొట్టించారు. వాళ్లకి సంఘం తరఫున చేతులెత్తి నమస్కారం. మిగిలినవాళ్లు వానలు పడేలోపు ఆ పని పూర్తి చేయాలని కోరుతున్నాను.

వీధి దీపాలు మార్పించాం, సంక్రాంతి ముగ్గుల పోటీ బాగా జరిగింది. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా అందజేస్తారు.

వరద తర్వాత కొన్ని కుటుంబాలు ఖాళీ చేసి వెళ్లాయి, కొత్తవాళ్లు వచ్చారు. వాళ్ల పేర్లు పుస్తకంలోకి ఇంకా ఎక్కలేదు. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటి నుంచి కర్నల్ గారూ నేనూ మొదటి వీధితో మొదలుపెట్టి ఇంటింటికీ వస్తాం. డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ దగ్గర పెట్టుకోండి.

ఇట్లు,
కార్యదర్శి