చర్చి విచారణ రిజిస్టర్లు కాపాడండి

మా కోనసీమ కతోలిక విచారణలో (ఒక చర్చి పరిధిలో) తరాల నాటి జ్ఞానస్నానం (బాప్తిస్మం), వివాహం, మరణం రిజిస్టర్లు చెమ్మకీ చెదలకీ పాడైపోతున్నాయి, పట్టించుకునే నాథుడు లేడు. మా నాన్నగారి ఎంట్రీ కోసం వెళ్తే ఉపదేశిగారు (చర్చిలో మతబోధ చేసేవారు) బీరువా అడుగు అరలోంచి పుస్తకం తీశారు, పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీస్తే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, సిరా పాకి జ్ఞాన తల్లిదండ్రుల (జ్ఞానస్నానంలో బిడ్డకి పూచీగా నిలిచేవారి) పేర్లు అలుక్కుపోయాయి. 1969 జనన మరణాల నమోదు చట్టం కంటే ముందు పుట్టిన ఎంతోమంది పేదలకి, కూలి కుటుంబాలకి పుట్టినతేదీ దొరికేది ఈ పుస్తకంలోనే. పాత పుస్తకాల్ని భద్రపరచాలని కతోలిక సంఘ చట్టమైన కానన్ లా 535వ నిబంధన కూడా చెప్తోంది కదా! 2022 జులై వరదల్లో యానాం వీధులు ఎలా మునిగాయో చూశాం, అలాంటి నీళ్లు మా గుడి ఆఫీసులోకొస్తే మిగిలేదేమీ లేదు. అందుకే మేత్రాసనం (బిషప్ గారి పరిధి) వారు వానాకాలం లోపే ప్రతి పేజీనీ స్కాన్ చేయించి ఒక కాపీ బిషప్ గారి ఆఫీసులో ఉంచాలి, అసలు పుస్తకాల్ని పై అంతస్తుకి మార్చాలి. పండగ లైటింగుకి చందాలు పోగుచేసే మనం దీనికీ ఇద్దాం, యువత పని పంచుకుంటారు. పేర్లు మాత్రం ఇంటర్నెట్‌లో పెట్టొద్దు, అవి కుటుంబాల సొంత విషయాలు.

– ఒక విచారణ సభ్యుడు, కోనసీమ