చిట్టాలో ఉంటే చాలదు

సంపాదకులకు,

అంతరిక్షంలో ఓ టెలిస్కోపు పెడితే చాలు, పైన తిరిగే ఉపగ్రహాల చిట్టా అంతా చేతికొచ్చేస్తుందన్నట్టు వార్తలు వస్తున్నాయి. అందులో సగమే నిజం. భూమ్మీది టెలిస్కోపుకు మబ్బు అడ్డు, పగలు అడ్డు. పైనున్నదానికి ఆ బెడద లేదు. 1996లో వెళ్లిన అమెరికా ఉపగ్రహం ఎంఎస్‌ఎక్స్‌లోని 15 సెంటీమీటర్ల టెలిస్కోపు ఆ సంగతి రుజువు చేసింది. 2013లో పీఎస్‌ఎల్‌వీ-సీ20 మోసుకెళ్లిన కెనడా ఉపగ్రహం సఫైర్‌కు అప్పగించిన పనీ ఇదే.

అసలు చిక్కంతా ఫొటో తీశాకే. ఫ్రేములో నక్షత్రాలు చుక్కలుగా, వాటి మధ్య ఉపగ్రహం సన్నటి గీతగా పడతాయి. గీత కొనలను నక్షత్రాల పట్టికతో సరిచూస్తే దిక్కు తేలుతుంది, దూరం తేలదు. రెండు మూడు నిమిషాల గీతకు సరిపోయే కక్ష్యలు బోలెడు. కొన్ని గంటలాగి మళ్లీ చూస్తేనే కక్ష్య కుదురుతుంది.

లెక్కలో జారిపోయే చోట్లూ ఉన్నాయి. భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట ఉన్నట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహాలను తీసుకోండి. సుమారు 36,000 కి.మీ. దూరం నుంచి వెలుగు రావడానికి 0.12 సెకను పడుతుంది. ఈలోగా భూస్థిర ఉపగ్రహం సుమారు 370 మీటర్లు జరిగిపోతుంది. టెలిస్కోపు ఉన్న ఉపగ్రహం కూడా సెకనుకు 7.5 కి.మీ. వేగంతో పోతుంటుంది కనుక దిక్కు 5 ఆర్క్ సెకన్ల (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) దాకా పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. ఫొటోలోని నక్షత్రాలూ అలాగే జరుగుతాయి కనుక, వాటితో సరిచూసేటప్పుడే ఇది దానంతటదే సర్దుకుపోతుంది. తెలియక ప్రోగ్రాములో మరోసారి సవరిస్తే అంత దూరాన 900 మీటర్ల తప్పు! గడియారం 0.1 సెకను తేడా చూపితే చూసేదాని సొంత స్థానమే 750 మీటర్లు తప్పుతుంది. రేడియేషన్ ఎక్కువగా ఉండే దక్షిణ అట్లాంటిక్ మీదుగా వెళ్లేటప్పుడు ప్రోటాన్ల తాకిడికి ఫ్రేము నిండా దొంగ చుక్కలు.

వీటన్నిటికంటే మొండి సమస్య పేరు తారుమారు కావడం. భూస్థిర కక్ష్యలో ఒకే చోట నాలుగైదు ఉపగ్రహాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటిలో ఒకటి విద్యుత్ ఇంజనుతో మెల్లగా జరుగుతుంటే, దాని గీత పక్కదాని ఖాతాలో పడుతుంది. అప్పుడు రెండు కక్ష్యలూ చెడతాయి.

2009 ఫిబ్రవరి 10న ఢీకొన్న అమెరికా ఉపగ్రహం ఇరిడియం 33, పనిచేయని రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251 రెండూ చిట్టాలో ఉన్నవే. అందరికీ అందుబాటులో ఉన్న రెండు వరుసల కక్ష్యా వివరాల్లో (టీఎల్‌ఈ), ఆ స్థానం ఎంత మేర తప్పు కావచ్చో చెప్పే గడే లేదు. ఎన్ని వేల వస్తువులు నమోదయ్యాయో రాసేటప్పుడు, వాటిని చివరిసారి ఎప్పుడు చూశారో, పొరపాటు ఎన్ని మీటర్లో కూడా అడిగి రాయండి.

– కక్ష్యల లెక్కలు చూసే పాఠకులు