అమ్మమ్మ చీరలు పంపిస్తున్నా, బొంత మళ్ళీ మొదలుపెట్టు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి నువ్వు పంపిన బొంత ఫోటో పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను. "మధ్యలో బుడగలా లేచిపోయిందమ్మా, నా వల్ల కాదు, పక్కన పడేస్తున్నా" అని నువ్వు అన్నప్పుడు నేనేమీ అనలేదు. ఫోన్లో చెబితే సగం చెవిన పడుతుంది, మిగతా సగం నీ బ్యాంకు పనిలో కొట్టుకుపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా. ఈ కాగితం నీకు చీరల మడతల్లో దొరుకుతుంది.

నీ కుట్టు బాగుంది. నిజంగా బాగుంది. తప్పల్లా నువ్వు మొదలుపెట్టిన చోట వచ్చింది. ముందు నాలుగు అంచులూ కుట్టేసి ఆ తర్వాత మధ్యలో పద్మం పట్టుకున్నావు. సూది వెళ్ళేకొద్దీ పైపొర వెంట్రుకవాసి చొప్పున ముందుకు జరుగుతూనే ఉంటుంది, ఎంత జాగ్రత్తగా కుట్టినా అది ఆగదు, నాలుగు వైపులా మూసేశాక ఆ జరిగిన బట్ట పోయే దారి లేక మధ్యలో పోగుపడి ఉబ్బుతుంది. బొంతని ఎప్పుడూ నడిమి నుంచి అంచుకి కుట్టుకుంటూ రావాలి. పద్మం అలాగే ఉంచి అంచులు మాత్రం విప్పు. నాలుగైదు కుట్లకొకటి చిన్న కత్తెరతో తెంపి వెనక నుంచి పోగు లాగితే బట్టకేమీ కాదు. అరచేత్తో మధ్య నుంచి బయటికి సర్దుకుంటూ వస్తే సగం ఉబ్బు అక్కడే పోతుంది. అది నీకు ఉంచుకో. అక్కకి పుట్టబోయే పిల్లకి మాత్రం వేరేది కుడదాం.

ఇంకోటి, నువ్వు కొట్లో కొన్న కొత్త బట్ట వాడావు. కొత్త బట్టలో గంజి ఉంటుంది, సూది దిగదు, వేలు పగులుతుంది. బొంతకి పాత చీరే కావాలి. అదీ నూలు చీర. పాలిస్టర్ అయితే పొర మీద పొర నిలవదు, జారిపోతూనే ఉంటుంది.

అందుకే అమ్మమ్మ వెంకటగిరి చీరలు రెండు పంపిస్తున్నా. గోధుమరంగుది ఒకటి, తెల్లది ఒకటి. అమ్మమ్మ పోయి నాలుగేళ్ళవుతోంది కదా, ఈ నాలుగేళ్ళూ వాటిని బీరువాలో పెట్టుకుని అప్పుడప్పుడు తీసి మడత మార్చడమే తప్ప నేనేమీ చేయలేకపోయాను. రెండుసార్లు కత్తెర చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. నీకు పంపితే నువ్వు కత్తిరిస్తావు, అది నాకు కావాలి. భయపడకు. బీరువాలో ఉంటే మడతల దగ్గర చిరుగులు పడతాయి, బొంతలో ఉంటే ఆ పిల్ల దొర్లుతుంది.

లెక్క చెబుతా, రాసుకో. చీర 5.5 మీటర్లు, అంటే 216 అంగుళాలు. జరీ గుచ్చుకుంటుంది కాబట్టి రెండు వైపులా జరీ అంచు తీసేస్తే వెడల్పు 40 అంగుళాల దాకా మిగులుతుంది. 32 అంగుళాలకొక ముక్క కోస్తే ఒక్కో చీరలో ఆరు ముక్కలు. పసిపిల్ల బొంతకి ఐదు పొరలు చాలు, పైనా కిందా గోధుమరంగు, లోపల మూడూ తెల్లవి. అంతకంటే ఎక్కువ పెడితే నీ సూది దిగదు. ముక్కల్ని వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి ఇస్త్రీ చేసి, మంచం మీద కాదు, నేల మీద పరువు. ఒక్కో పొరనీ చేత్తో సాపు చేసి, అప్పుడు పొరలు జరగకుండా జానెడుకొక వరసన కచ్చాకుట్లు వెయ్యి, అవీ మధ్య నుంచే. కచ్చాకుట్లకి ఒక ఆదివారం మొత్తం పోతుంది, పోనీ. అక్కడ తొందరపడ్డావా, తర్వాత ఎంత అందంగా కుట్టినా నిలవదు.

దారం సంగతి. లచ్చి దారం 8 మీటర్లు ఉంటుంది, అందులో ఆరు పోగులు. రెండే పోగులు తీసుకుని మూరెడు పొడవు మాత్రమే ఎక్కించు, బారెడు ఎక్కిస్తే చిక్కుపడుతుంది. చిటికెన వేలు వెడల్పుకొక వరస వేస్తే అరవై వరసలొస్తాయి, నాలుగు లచ్చిలు సరిపోతాయి. పువ్వుకి వేరే. రోజుకి రెండు వరసలు వేసుకుంటే నెలలో అయిపోతుంది. అక్కకి ఏడో నెలే కదా, టెన్షన్ పడకు.

ఎర్ర దారం మాత్రం నమ్మకు. 1994లో అక్క కడుపులో ఉన్నప్పుడు నేను కుట్టిన మొదటి బొంతకి మా వీధి చివర కొట్లో ఎర్ర లచ్చి కొన్నాను. నెలన్నర కుట్టాను. ఒక్క ఉతుకుకి తెల్లటి పొరంతా గులాబీ రంగు మరకలు. ఆ రోజు ఏడుపు ఆగలేదు, మీ నాన్న ఏం చెప్పినా వినలేదు. కాబట్టి ప్రతి లచ్చినీ తడిపి తెల్లటి గుడ్డ మీద నొక్కి చూడు, రంగు అంటితే ఆ దారం వద్దు, అంతే.

పద్మం గీయడానికి కార్బన్ పేపర్ అక్కర్లేదు. అరిగిపోయిన సబ్బు బిళ్ళ అంచుతో గీయి, ఉతికితే పోతుంది. పండక్కి వాకిట్లో ఎనిమిది రేకుల పద్మం చూడకుండా వేసేదానివి, చెయ్యి మర్చిపోదు. కాడలకి కాడకుట్టు, రేకుల అంచుకి గొలుసుకుట్టు, మిగతాదంతా మామూలు దూసుడు కుట్టే. కుట్టు బియ్యపుగింజంత ఉంటే చాలు. రేకు ఎలా తిరిగితే వరస అలా తిరగనివ్వు, అప్పుడు బట్ట నీళ్ళ మీద అలల్లా లేస్తుంది. నువ్వు అక్కడ బెంగాల్లో, బోల్‌పూర్‌లో చూసి మురిసిపోయిన కాంతా బొంతల్లో ఉన్నది ఇదే, ఆ అలలే.

నువ్వా ఫోటోలు పంపినప్పటి నుంచీ కాంతా గురించి దొరికింది చదువుతున్నా. వాళ్ళూ పాత చీరలే పొరలు పేర్చారు, నడుమ పద్మం, మూలల్లో చెట్లు. మీ జిల్లాలోనే, ఆ బీర్‌భూమ్‌కే 1930లలో కలెక్టరుగా చేసిన గురుసదయ్ దత్ అనే ఆయన ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళు కుట్టిన కాంతాలు సేకరించాడట, కోల్‌కతా పక్కన జోకాలో ఆయన పేరున మ్యూజియం పెట్టి వాటిని దాచారు. చదివి చాలా సంతోషం వేసింది, ఒక పక్క బాధ కూడా. మా చిన్నప్పుడు బొంత అంటే లేనివాళ్ళ పక్క. చుట్టాలొస్తున్నారంటే మా నాయనమ్మ బొంతల్ని చుట్టి అటక మీదికి ఎక్కించేవాళ్ళం. ఆవిడ కూడా నాలుగు మూలలా నాలుగు చిలకలు కుట్టేది. ఒక్కటీ మిగల్లేదు. పిండి మర గచ్చు తుడవడానికి ఇచ్చేశాం ఆఖరిది.

పసిపిల్లకి కుడుతున్నావు కాబట్టి అద్దాలూ పూసలూ ఏవీ పెట్టకు, ఎంత ముచ్చటగా అనిపించినా సరే. ముడి పైకి కనిపించకూడదు. దారం చివర చిన్న ముడి వేసి, సూదిని పైపొరలోంచి దింపి కొంచెం గట్టిగా లాగితే ముడి టప్పున లోపలికి జారి పొరల మధ్య ఇరుక్కుంటుంది, చెవికి వినబడుతుంది కూడా. ఏడాది నిండేదాకా బొంత పిల్లకి కప్పొద్దు, మనం దగ్గర కూర్చుని ఆడించేటప్పుడు కింద పరవడానికే. ఈ మాట అక్కకి నేను చెబుతాలే.

ఒక్కటి మర్చిపోకు. గోధుమరంగు చీరలో, కొంగుకి ఎదురు చివర నుంచి మూరన్నర లోపల, ఒక రఫ్ఫు ఉంటుంది. మేకు తగిలి చిరిగితే అమ్మమ్మ ఆ చీర కొసనుంచే పోగులు లాగి, ఆ పోగులతోనే, నిలువుగా అడ్డంగా అల్లింది. వేలితో తడిమితే గానీ తెలియదు, రూపాయి బిళ్ళంత ఉంటుంది. కాంతా కుట్టే పాతకాలపు ఆడవాళ్ళు కూడా చీర అంచుల్లోంచే రంగు పోగులు లాగేవాళ్ళని చదివినప్పుడు నాకు ముందు ఆ రఫ్ఫే గుర్తొచ్చింది. ఆ ముక్క కత్తెర కింద పడకుండా చూసుకుని పైపొరకి అదే వాడు, దాని మీద మాత్రం ఏ కుట్టూ వెయ్యకు. ఎక్కడ ఉందో నీకు తెలియడానికి పసుపు దారంతో చుట్టూ నాలుగు కచ్చాకుట్లు వేసి పంపుతున్నా, బొంత అయ్యాక వాటిని తీసెయ్యి.

అమ్మ