ఎక్స్‌రే సరే, ముందు సూది వేయండి

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఆసుపత్రుల క్యాజువాల్టీలకు, అంటే అత్యవసర విభాగాలకు, కొత్త హంగులు వస్తున్నాయని రాశారు. ఏసీలు, రంగులు, రిబ్బన్ కత్తిరిస్తున్న ఫోటో. సంతోషం. అక్కడికి మోసుకొచ్చిన మనిషికి నొప్పి తగ్గించే సంగతి మాత్రం ఒక్క ముక్క కూడా లేదు.

ఈమధ్య మా పెద్దమ్మ బచ్చలింట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అనంతపురంలోనే ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. కాలు పొట్టిదై, పాదం పక్కకు తిరిగిపోయి ఉంది. విరిగిందని మాకే తెలిసిపోతోంది. అయినా ముందు చీటీ, తర్వాత ఎక్స్‌రే. స్ట్రెచర్ మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి స్ట్రెచర్ మీదికి దుప్పటి పట్టుకుని లాగారు. సరిగా పడలేదని మళ్లీ తీశారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "రిపోర్టు రానీ అవ్వా, పెద్ద సారు చూసినాక సూది వేస్తాం, ఓర్చుకో" అని సలహా ఒకటి. కాన్పులన్నీ ఇంట్లోనే చేసుకున్న మనిషికి ఓర్పు నేర్పాలా?

తుంటి విరిగినవాళ్లకు గజ్జ దగ్గర మత్తు సూది వేస్తే కాలు మొద్దుబారుతుంది, కదిలించినా తట్టుకుంటారు. అది ఎక్స్‌రేకు ముందే చేయొచ్చు. పెద్ద వయసు, కిడ్నీలు బాగాలేవు అంటే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు మానేసి పారాసెటమాల్ ఎక్కించొచ్చు. ఏ మందూ ఇవ్వకపోవడం మాత్రం ఏ వైద్యం?

పక్క మంచంలో కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న కుర్రాడికి ఇంకో కథ. నొప్పి తగ్గిస్తే జబ్బు కనిపెట్టలేమట! ఆ భయానికి ఆధారం లేదని పరిశోధనలు తేల్చి ఏళ్లయింది.

ఇక తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ పేరెత్తితే లైసెన్సు, తాళం, రిజిస్టరు అంటారు. ఆ చిక్కులు తగ్గించడానికే కదా 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది? మార్ఫిన్‌కు ముడిసరుకైన నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో సర్కారు లైసెన్సుతోనే పండిస్తున్నారు. పండించేది మనం, మూలిగేదీ మనమే.

కాగితాల పిచ్చికి అసలు హద్దే లేదు. ప్రమాదాల్లో గాయపడినవాళ్లకు ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలు అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జాతీయ రహదారి 44 పక్కనున్న మన జిల్లాలో ఆ మాట అందరికంటే ముందు తెలియాలి. మనవాళ్లకు తెలిసింది మంత్రిగారు వచ్చేముందు రోజు ఫినాయిల్ కొట్టడం!

బీపీ, నాడి పక్కనే నొప్పి సున్నా నుంచి పదిలో ఎంతో అడిగి రాయడానికి టెండరు పిలవాలా? కలెక్టరు గారు ఈసారి తనిఖీకి వెళ్తే గోడల రంగులు వదిలేసి నాలుగు కేస్ షీట్లు తిప్పి చూడాలి. రోగి వచ్చిన సమయం ఎంత, మొదటి నొప్పి సూది పడిన సమయం ఎంత? ఆ రెంటి మధ్య తేడాను మీ పత్రికలోనే అచ్చు వేయించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం