డిస్కు ఉంటేనే వీడియో గేమ్ బతుకుతుంది

సంపాదకులు గారికి,

టీవీకి తగిలించి ఆడే వీడియో గేముల కాలం అయిపోయిందని, ఇక అంతా ఫోన్లేనని చాలామంది అంటున్నారు. అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర ఇరవై ఏళ్లకు పైగా టీవీలు, వీడియో గేములు రిపేరు చేస్తున్న నేను ఆ మాట ఒప్పుకోను.

పోయిన నెల ఒకాయన అటక మీద నుంచి పాత వీడియో గేమ్ దించి తెచ్చాడు. క్యాసెట్ పిన్నులు నల్లబడిపోయాయి. రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి పెడితే రెండోసారికి బొమ్మ వచ్చింది. ఆయనా, కూతురూ చెరో రిమోట్ పట్టుకుని నా బల్ల ముందే కూర్చుండిపోయారు. ఫోన్‌లో ఎవరి ఆట వాళ్లదే, ఈ పక్కపక్కన కూర్చోవడం ఎక్కడుంది?

నా భయమల్లా ఇప్పటి ఆటలు వచ్చే డిస్కు గురించే. 2020లో వచ్చిన సోనీ వాళ్ల గేమ్ యంత్రం ప్లేస్టేషన్ 5లోనే డిస్కు పట్టని మోడల్ ఒకటుంది. 2024లో వచ్చిన దాని ప్రో మోడల్‌కైతే డిస్కు పెట్టే డ్రైవ్ విడిగా కొనాలి. డౌన్‌లోడ్ చేసుకున్న ఆటను అమ్ముకోలేం, స్నేహితుడికి ఇవ్వలేం. 2023 మార్చిలో నింటెండో అనే జపాన్ గేముల కంపెనీ వీ యూ, త్రీడీఎస్ అనే తన పాత గేమ్ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకాలు ఆపేసింది. అక్కడ మాత్రమే దొరికే ఆటలను ఇప్పుడు కొత్తగా కొనే దారి లేదు. అలాంటివాటికి నేనేం రిపేరు చేసేది?

మా ఊరి పిల్లలు సెకండ్‌హ్యాండ్ డిస్కు కొని, ఆడి, ఇంకొకరితో మార్చుకుంటారు. వేలు పోసి కొత్తది కొనే స్తోమత వాళ్లకు లేదు. కొనగలిగినవాళ్లైనా డిస్కు ఉన్న మోడలే అడిగి తీసుకోవాలని కోరుతున్నాను.

- ఒక టీవీ మెకానిక్, అనంతపురం