స్ట్రోక్ అంటే గుండెకా, మెదడుకా?

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ జిల్లా పేజీలో అప్పుడప్పుడు 'స్ట్రోక్‌తో రైతు మృతి' అని వార్త వస్తుంది. కింద చదివితే ఛాతీలో నొప్పి వచ్చి పొలం గట్టు మీదే కుప్పకూలాడని ఉంటుంది. ఇంకోరోజు ఏకంగా 'హార్ట్ స్ట్రోక్' అని పెద్దక్షరాల్లో పెడతారు. మీరొక్కరే కాదు, టీవీల వాళ్లూ అంతే. హార్ట్ స్ట్రోక్ అనే జబ్బు వైద్యంలో లేదు. గుండెకు వచ్చేది ఎటాక్, దానికి గుండెపోటు అనే చక్కటి మాట మనకుంది. ఉత్తగా స్ట్రోక్ అంటే డాక్టర్ల లెక్కలో అది మెదడుకు వచ్చేదే.

నేను హనుమకొండలో మందుల షాపు నడుపుతున్నాను. 'స్ట్రోక్ రాకుండా ఏదన్నా గోలీ ఉంటే ఇయ్యి' అని వచ్చేవాళ్లలో చాలామంది గుండె మీద చెయ్యి పెట్టుకునే అడుగుతారు. నిజంగా స్ట్రోక్ వచ్చిన మనిషి ఇంట్లోవాళ్లు మాత్రం ఆ మాటే ఎత్తరు. 'కాలు చెయ్యి పడిపోయింది' అంటారు, ఉర్దూ మాట్లాడేవాళ్లు లక్వా అంటారు. మా పక్క షాపు మెకానిక్‌కైతే స్ట్రోక్ అంటే బండి ఇంజనే.

ఆ ఇంగ్లిషు మాటకు అర్థం దెబ్బ. సన్ స్ట్రోక్‌ను వడదెబ్బ అన్నప్పుడు మనవాళ్లు దాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. మెదడు దగ్గరికి వచ్చేసరికి దెబ్బను వదిలేసి, దెబ్బ తర్వాత మిగిలే పక్షవాతం పేరే వాడుతున్నాం. పక్షం అంటే ఒక పక్క. ఒక పక్క పడిపోయాక పెట్టిన పేరు కాబట్టి అందులో తొందర వినిపించదు. పసరు మందు తాగిస్తారు, నూనెతో మాలిష్ చేయిస్తారు, పావురం నెత్తురు రుద్దేవాళ్లూ ఉన్నారు. మూతి కాస్త వంకరపోయి అరగంటలో సర్దుకుంటే 'గాలి సోకింది' అని ఊరుకుంటారు. అది రాబోయే పెద్ద దెబ్బకు ముందు గుర్తు కావచ్చు.

ఇంత చెబుతున్న నేనే తప్పు చేశాను. నర్సంపేట దగ్గరి పల్లెలో ఉండే మా మేనమామకు ఒకరోజు పొద్దున బాగాలేదని మా బావమరిది ఫోన్ చేసి, 'మామకు స్ట్రోక్ వచ్చినట్టుంది బావా' అన్నాడు. షాపులో గిరాకీ ఉంది. ఎట్లా ఉన్నాడని అడగకుండానే, ఆస్పిరిన్ ఒకటి నమిలించి గుండె డాక్టర్ దగ్గరికి తీసుకురమ్మన్నాను. వాళ్లు నేను చెప్పినట్టే చేశారు. అక్కడ వరుసలో కూర్చోబెట్టి, ఈసీజీ తీసి, గుండె బాగానే ఉందన్నారు. నేను వెళ్లి చూసేసరికి మామ నోరు ఒక పక్కకు లాగి ఉంది, మాట ముద్దముద్దగా వస్తోంది. సీటీ స్కాన్ అయ్యేసరికి టైము దాటిపోయింది. ఇప్పుడు ఆయన ఎడమ చేత్తో అన్నం తింటున్నాడు.

ఆ టైము సంగతే చెప్పాలి. మెదడులో రక్తనాళం గడ్డతో మూసుకుపోవచ్చు, చిట్లనూ వచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, స్కాన్ తీస్తేగానీ తేలదు. గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆ లెక్క ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాదు, మనిషి చివరిసారి మామూలుగా కనిపించినప్పటి నుంచి. నాళం చిట్లి ఉంటే ఆస్పిరిన్ నెత్తురు కారడాన్ని ఇంకా పెంచవచ్చు. గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు నమలమని డాక్టర్లు చెప్పేదీ ఆ గోలీనే. మామకు ఉన్నది గడ్డే, నా అదృష్టం. మాట ఒక్కటి తప్పితే మందూ తప్పుతుంది, వెళ్లే ఆసుపత్రీ తప్పుతుంది.

ఈ తికమక మనది మాత్రమే కాదులెండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్ట్రోక్‌ను చాలాకాలం రక్తప్రసరణ జబ్బుల్లోనే ఉంచి, 2022లో అమల్లోకి వచ్చిన కొత్త వర్గీకరణలో నాడీమండల జబ్బుల్లోకి మార్చింది. జనం మాట్లాడే భాషలోనే రాయాలన్న కాళోజీ పేరు మన వరంగల్‌లోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఉంది. ఈ జబ్బుకు ఒక తెలుగు మాట ఖాయం చేసే పని అక్కడివాళ్లు, మీరు కలిసి చేయొచ్చు. నాకైతే 'మెదడుపోటు' నచ్చింది. గుండెపోటుకు తోబుట్టువులా ఉంటుంది, పోటు అనగానే జనం లేచి పరిగెత్తుతారు. అది కొత్తగా అనిపిస్తే 'బ్రెయిన్ స్ట్రోక్' అని పూర్తిగా రాయండి, ఉత్త స్ట్రోక్ అని మాత్రం వద్దు. ఏ జబ్బో తెలియకపోతే ఇంట్లోవాళ్లు చూసింది రాయండి: మూతి వంకరపోయింది, ఎత్తిన చెయ్యి జారిపోయింది, మాట తడబడింది. అది చదివినవాళ్లకు తమ ఇంట్లో అలా అయితే 108కు ఫోన్ చేయాలని తడుతుంది.

హెడ్డింగులో జాగా చాలదంటారేమో. స్ట్రోక్ కన్నా మెదడుపోటుకు మూడక్షరాలే ఎక్కువ.

ఇట్లు,
మందుల షాపు నడిపే ఒక పాఠకుడు,
హనుమకొండ