ఫిజియో మేడమ్‌కి, వడ్రంగి అన్నకి, కింది పోర్షన్ ఆంటీకి

నాన్నగారికి కుడివైపు పక్షవాతం వచ్చాక, లిఫ్టు లేని మా నల్లకుంట ఇంటికి వారానికి 3 రోజులు మెట్లెక్కి వచ్చిన ఫిజియో మేడమ్‌కి ముందుగా దండాలు.

మేడమ్ మొదట మాన్పించింది చంకలో చెయ్యేసి లేపడం. చచ్చుబడ్డ చేతిని లాగితే వదులైన భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. తర్వాత మెత్తటి బంతి పిసకడం మాన్పించారు. (పరామర్శకు వచ్చిన ప్రతి చుట్టమూ ఒక బంతి తెచ్చారు మరి!) వేళ్లు ముడుచుకోవడం ఎలాగూ ముందే వస్తుంది, తెరుచుకోవడమే కష్టం. అందుకే స్టీలు గ్లాసు పట్టుకోవడం కన్నా వదలడమే ఎక్కువ చేయించారు. మొదట ఖాళీ గ్లాసు, తర్వాత పావు గ్లాసు నీళ్లు.

లేచి నిలబడటానికి సుమారు 18 అంగుళాల ఎత్తున్న కుర్చీ, గోడకు ఆనించి. అంచుకు జరిగి, పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి లాగి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగి లేవాలి. వంగకపోతే వెనక్కి కూలబడతారు. బరువంతా ఎడమ కాలి మీదే వేస్తుంటే ఆ పాదాన్ని 2 అంగుళాలు ముందుకు పెట్టించేవారు, ఇక కుడి కాలు తప్పించుకోలేదు. 10 సార్లు, కాసేపు విశ్రాంతి, మళ్లీ 10. మొదలుపెట్టే ముందు బీపీ చూడాల్సిందే.

చొక్కా కుడి చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆ చెయ్యి ఆఖరున. కర్ర ఎడమ చేతిలో. మెట్లు ఎక్కేటప్పుడు ఎడమ కాలు ముందు, దిగేటప్పుడు కుడి కాలు ముందు. దింపేవాళ్లు ఒక మెట్టు కింద ఉండాలి.

వడ్రంగి అన్నా, టవల్ రాడ్డు పట్టుకుని లేస్తే ఊడొస్తుందని చెప్పి, గోడకు డ్రిల్ చేసి కమోడ్‌కి ఎడమపక్క స్టీలు కడ్డీ బిగించావు. చెక్క గడప కూడా చెక్కి పల్చన చేశావు, కుడి కాలి బొటనవేలు తట్టుకునేది అక్కడే.

కర్ర అడుగున రబ్బరు బుష్ అరిగిందని ముందు చూసింది వాచ్‌మన్ అన్న. తడి గ్రానైట్ మీద అది సబ్బులా జారుతుంది.

ఆంటీ, మీరిచ్చిన కమోడ్ కుర్చీ కడిగి ఎండబెట్టాం. నాలుగు కాళ్లకీ కొత్త బుష్‌లు వేయించాం, ఆదివారం దించి ఇస్తాం.